నీరు తీసింది... కష్టం తీరలేదు

వానాకాలం వస్తుందంటే రైతు ఆకాశం వైపు చూస్తాడు. హైదరాబాద్ పాతబస్తీలో చెరువు కట్టల కింద, నాలాల పక్కన కిరాయి గదుల్లో కాపురముండే బీద కుటుంబం మాత్రం స్నానాలగది మూలనున్న మోరీ వైపు చూస్తుంది. ఎందుకంటే వరద వాకిట్లోంచి చెప్పి రాదు. ముందు సండాసులో గుడగుడమని చప్పుడవుతుంది. తర్వాత మోరీలోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నుకొస్తాయి. వీధిలో నీళ్ళు గడప దాటేలోపే గదిలో చీలమండ లోతు నీళ్ళు నిలిచిపోతాయి. వాన నీళ్ళూ మురుగు నీళ్ళూ ఒకే నాలాలో కలిసి పారే బస్తీల్లో ఇదేమీ వింత కాదు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో అనుభవించిన వారికి వేరే చెప్పనక్కర్లేదు, మేడ మీద ఉండేవారికే చెప్పాలి. ముందు కరెంటు పోతుంది. పోకపోతే అది ఇంకా ప్రమాదం. చీకట్లో పసిపిల్లల్ని భుజాల మీదికెత్తుకోవాలి. మంచం పట్టిన దాదీమాను ఇద్దరు పట్టుకుని మోయాలి. మంచం మీద మంచం వేసి, దాని మీద పరుపులు, బియ్యం డబ్బా పెట్టుకోవాలి. నీళ్ళు నడుం దాకా వస్తే గ్యాస్ బండ తేలుతుంది, ఫ్రిజ్ వెల్లకిలా పడి గదిలో అటూ ఇటూ తిరుగుతుంది. చెక్క బీరువా ఉబ్బిపోయి తలుపు తెరుచుకోదు. పక్క మేడ మీద నుంచి ఎవరో "ఖాలా, సామాను పోతే పోయింది, మీరు పైకి రండి" అని కేకలు వేస్తుంటారు. ఆ తల్లి కదలదు. ఆమె చూపు మూలనున్న ఇనుప పెట్టె మీదే ఉంటుంది. కూతురి పెళ్ళి కోసం ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా కొని దాచిన జోడు బట్టలు, దుప్పట్లు, గిన్నెలు అందులోనే ఉన్నాయి మరి.

ప్రాణాలు దక్కితే చాలని మనం తేలిగ్గా అనేస్తాం. ప్రాణం దక్కిన తర్వాత బతకాలి కదా! వరద గురించి వార్తలన్నీ నీళ్ళున్న రోజుల గురించే వస్తాయి. పడవలు, తాళ్ళు, అన్నం పొట్లాలు, నాయకుల పరామర్శలు అప్పుడే కనిపిస్తాయి. నీళ్ళు తీసిన మర్నాటి నుంచి కెమెరాలు వెళ్ళిపోతాయి. బీదవాడి అసలు వరద ఆ రోజు మొదలవుతుంది.

2020 అక్టోబరు

ఆ ఏడాది సంగతి మరిచిపోయే వీలు లేదు. అక్టోబరు 13న మొదలైన వాన తెల్లవారేసరికి బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది. శివారులోని ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసింది. పల్లె చెరువు పొంగి అలీనగర్ మీద పడింది. ఒకే కుటుంబానికి చెందిన ఎనిమిది మంది ఆ నీళ్ళలో కొట్టుకుపోయారు. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ప్రహరీగోడ ఇళ్ళ మీద కూలి, నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోయారు. వారిలో పసిబిడ్డలూ ఉన్నారు. ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీలో వీధులు కాలువలయ్యాయి.

జనం బురద ఎత్తిపోసుకుని, తడిసిన పరుపులు గోడల మీద ఆరేసుకుంటున్న సమయంలో 17వ తేదీ రాత్రి మళ్ళీ కుండపోత. ఈసారి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్ బాబానగర్, నసీబ్‌నగర్ పరిసరాల్లోకి నీళ్ళు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. నాలుగు రోజుల్లో రెండుసార్లు ఇల్లు కడుక్కోవడమంటే ఏమిటో ఊహించండి. మొదటిసారి మిగిలించుకున్నది రెండోసారి పోయింది.

అది కరోనా ఏడాది కూడా. మార్చి నుంచి పనుల్లేవు. ఆటో నడవలేదు, పెళ్ళిళ్ళు లేవు కాబట్టి వంటవాళ్ళకూ దర్జీలకూ బేరాల్లేవు. అప్పో సప్పో చేసి నెట్టుకొచ్చిన కుటుంబాలు అప్పుడప్పుడే కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాయి. పిల్లల చదువు ఫోనులోకి వెళ్ళిపోయింది. ఇంటికంతటికీ ఉన్న ఒకే ఒక ఫోను నీళ్ళలో తడిసి పాడైందంటే ఆ ఇంట్లో ముగ్గురు పిల్లల బడి మూతపడినట్టే.

జల్‌పల్లి పురపాలక పరిధిలోని ఉస్మాన్‌నగర్‌ది మరో గోడు. మిగతాచోట్ల నీళ్ళు రోజుల్లో తీశాయి. ఉస్మాన్‌నగర్‌లో నెలల తరబడి నిలిచిపోయాయి. బుర్హాన్‌ఖాన్ చెరువు నీటికి బయటికి పోయే దారి లేదు. సొంత ఇంటిని గట్టు మీద నిలబడి చూసుకుంటూ, బయట కిరాయి కట్టుకుంటూ గడిపిన కుటుంబాలు అక్కడ ఎన్నో!

చెరువులో ఇల్లెందుకు?

ఈ మాట అడగని వారుండరు. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడూ అడుగుతాడు, పెద్ద అధికారీ అడుగుతాడు. "శిఖం భూమిలో ఇల్లు కట్టుకుంటే నీళ్ళు రాక ఏమొస్తాయి?" ప్రశ్నలో తప్పు లేదు. అడగవలసిన వ్యక్తి దగ్గర అడగకపోవడమే తప్పు.

దక్కన్ పీఠభూమి మీద చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు, అది నిండితే ఇంకా కిందికి, చివరికి మూసీకి. ఒక చెరువుకూ మరో చెరువుకూ మధ్య నీళ్ళు నడిచే దారి ఉంటుంది. ఎండాకాలంలో అది ఖాళీ జాగాలా కనిపిస్తుంది. ఎవరో దాన్ని 60 గజాలు, 80 గజాల ముక్కలుగా కొలిచి, సున్నం గీతలు గీసి అమ్ముతారు. రిజిస్ట్రేషన్ ఉండదు, నోటరీ కాగితం ఉంటుంది. ధర తక్కువ కాబట్టి కొనేది బీదవాడే. గల్ఫ్‌లో కొడుకు కూడబెట్టిన సొమ్ము, భార్య మెడలోని గొలుసు, చిట్టీ పాట డబ్బు అన్నీ ఆ కాగితంలోకి పోతాయి. తర్వాత కరెంటు మీటరు వస్తుంది, నల్లా వస్తుంది, ఇంటి పన్ను రసీదూ వస్తుంది. ఇన్ని వచ్చాక అది చెరువని అతనికి ఎవరు చెప్పాలి? వాన చెబుతుంది.

అమ్మినవాడు ఆ నీళ్ళలో ఎన్నడూ తడవడు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ప్రశ్న అడిగితే బాగుంటుంది.

పాత పాఠం ఒకటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయి పురానాపూల్ ఒక్కటే నిలిచింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు కథ మన పిల్లలకు కూడా తెలుసు. తెలియనిది మరొకటుంది. కారణం తేల్చడానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మూసీ పరీవాహకంలోని 788 చెరువుల లెక్క తీస్తే, వాటిలో 221 తెగిపోయినట్టు తేలింది. అంటే ఆనాడు నగరాన్ని ముంచింది ఒక్క నది కాదు, పైనున్న చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి మీద పడ్డాయి. ఆయన సూచనలతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డుకు రోడ్లు, మురుగు కాలువలతో పాటు బీదలకు ఇళ్ళు కట్టించే పని కూడా అప్పగించారు. నదికి రెండు ఆనకట్టలు వచ్చాయి గనుక నగరం నిశ్చింతగా నిద్రపోయింది. పాతబస్తీకి దక్షిణాన ఉన్న చిన్న చెరువులను ఎవరూ పట్టించుకోలేదు. 2000 ఆగస్టులో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు కురిసి నగరం మునిగాక నాలాల మీద నిపుణుల నివేదిక తయారైంది. 2020 తర్వాత, 2021లో నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం మొదలైంది. వాన పడ్డాకే కాగితాలు కదులుతాయన్నది మన పాత అలవాటు.

ఆడవారి అగచాట్లు

నీళ్ళ మధ్య మేడ మీద మూడు రోజులు గడపడమంటే మగవారికి ఒక రకం, ఆడవారికి మరో రకం. మగవాడు లుంగీ ఎగగట్టి నడుం లోతు నీళ్ళలో దిగి మెయిన్ రోడ్డు దాకా పోయి రాగలడు. ఆడవారికి ఆ వీలులేదు. పక్కింటి మేడ మీద నాలుగు కుటుంబాలు, కొత్త మనుషులు, ఒంటి మీద అర్ధరాత్రి కట్టుకున్న తడిబట్ట. తలదాచుకున్న చోట సండాసు ఒక్కటే ఉంటుంది, అదీ పొంగి ఉంటుంది. అందుకే చాలామంది స్త్రీలు నీళ్ళు తాగడం మానేస్తారు, అన్నం సగం తింటారు. నెలసరి రోజులైతే ఆ బాధ బయటికి చెప్పుకోలేరు. పాలిచ్చే తల్లులు ఎండిపోతారు. సాయం తెచ్చే కుర్రవాళ్ళ సంచుల్లో బిర్యానీ పొట్లాలుంటాయి, శానిటరీ ప్యాడ్లుండవు. పెట్టాలని వారికి తోచదు, అడగాలని వీరికి నోరు రాదు. సాయానికి వెళ్ళే బృందంలో ఇద్దరు స్త్రీలుంటే సగం సమస్య తీరుతుంది.

తాగే నీళ్ళ కథ అంతే. చుట్టూ నీళ్ళే, గుక్కెడు పనికిరావు. సంపులోకి మురుగు చేరుతుంది. వజూకి కూడా శుభ్రమైన నీళ్ళు దొరక్క తయమ్ముమ్‌తో నమాజులు చదువుకున్న ఇళ్ళున్నాయి. నల్లాలో నీళ్ళు మళ్ళీ వచ్చాక మొదటి రోజుల్లో వచ్చేవి మరీ ప్రమాదం. పగిలిన గొట్టాల్లోకి మురుగు దూరి ఉంటుంది. వారం పది రోజులకు విరేచనాలు, టైఫాయిడ్, ఇంకొంత కాలానికి కామెర్లు వస్తాయి. నిలిచిన మంచి నీళ్ళలో దోమలు పెరిగి డెంగీ తెస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో పుండ్లున్న కాళ్ళతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం పట్టుకుంటుంది. నీళ్ళు కళపెళ మరిగాక మరో నిమిషం పొయ్యి మీద ఉంచి, చల్లార్చి తాగాలి. గ్యాస్ లేదంటే క్లోరిన్ బిళ్ళలు వాడాలి. జ్వరం రెండు రోజులు దాటితే ఇంట్లో కూర్చోకూడదు, వరద నీళ్ళలో నడిచామని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

నీళ్ళు తీశాక

గోడల మీద నల్లటి గీత మిగులుతుంది. గదిలో జానెడు బురద. దాన్ని ఎత్తిపోయడానికి రెండు రోజులు, కడగడానికి మరో రెండు రోజులు పడుతుంది. నీళ్ళు పీల్చిన గోడలు నెలల పాటు చెమ్మగానే ఉంటాయి. పిల్లలకు దగ్గు తగ్గదు. దూది పరుపు ఎంత ఎండబెట్టినా వాసన పోదు, చివరికి పారెయ్యాల్సిందే. ఒకప్పుడు మనిషికో పరుపున్న ఇంట్లో చాప మీద అందరూ పడుకుంటారు.

ఇక బతుకుతెరువు. పాతబస్తీ బీద ఇళ్ళలో సంపాదన చాలావరకు ఆ గదిలోనే పుడుతుంది. కార్చోబ్ మీద జర్దోజీ పని, కుట్టుమిషన్, లాక్ గాజులకు రాళ్ళు అతికించడం, ఊదుబత్తీలు, పచ్చళ్ళు, అప్పడాలు. ఇవన్నీ ఆడవారు ఇంటి పట్టున ఉండి చేసేవే. నీళ్ళొస్తే కార్చోబ్ మీదున్న బట్ట తడిసి రంగు కారుతుంది, జరీ నల్లబడుతుంది. ఆ బట్ట ఆమెది కాదు, దుకాణదారుది. కాబట్టి పని పోవడమే కాదు, బట్ట ఖరీదు కూడా ఆమె నెత్తిన పడుతుంది. మెషిన్ మోటారు కాలిపోతుంది. మగవాడి ఆటో ఇంజనులోకి నీళ్ళు పోతే మెకానిక్ చెప్పే లెక్క వేరు. ఒకటో తారీఖున కిరాయి అడగడానికి ఇంటివాడు రానే వస్తాడు. చిట్టీ ఆగదు, కిస్తీ ఆగదు. బంగారం ఏమైనా మిగిలి ఉంటే గిర్వీ దుకాణానికి పోతుంది. అది మళ్ళీ విడిపించుకోవడం ఎంతమందికి సాధ్యం?

కాగితాలు పోవడం మరో దెబ్బ. రేషన్ కార్డు, ఆధార్, పిల్లల మార్కుల మెమోలు, నికానామా, గల్ఫ్‌కు పోవలసిన కుర్రవాడి పాస్‌పోర్టు, అన్నిటికీ మించి ఆ ఇంటికి ఆధారమైన ఒకే ఒక నోటరీ కాగితం. మెమోకు నకలు తెచ్చుకోవచ్చు. నోటరీ కాగితానికి నకలు ఇచ్చే ఆఫీసు ఎక్కడుంది?

ఎవరి పేరు రాసుకున్నారు?

2020లో తెలంగాణ ప్రభుత్వం ముంపు ఇళ్ళకు రూ.10,000 చొప్పున ప్రకటించింది. పూర్తిగా కూలిన ఇంటికి లక్ష, కొంత దెబ్బతింటే రూ.50,000 అన్నారు. మంచి మాటే. మొదట ఇంటింటికీ తిరిగి నగదు పంచారు. ఒకే వీధిలో కొందరికి అంది, కొందరికి అందక గొడవలయ్యాయి. తర్వాత మీసేవ కేంద్రాల్లో దరఖాస్తు పెట్టుకోమన్నారు. తెల్లవారుజాము నుంచే వరుసలు కట్టారు. అంతలో నగరపాలక ఎన్నికల ప్రకటన వచ్చింది, నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ నిలిపివేయించింది. వరుసలో నిలబడిన వారు వట్టి చేతులతో ఇళ్ళకు తిరిగారు.

ఆలోచించవలసింది డబ్బు మొత్తం గురించి మాత్రమే కాదు. సాయం ఇంటి పేరుతో వస్తే, ఒక ఇంటి నంబరు కింద అద్దెకుండే మూడు నాలుగు కుటుంబాలు ఏం కావాలి? ఆధార్ మీద పాత మొహల్లా చిరునామా ఉన్నవారు ఎక్కడ నిరూపించుకోవాలి? నిజానికి ఎక్కువ నష్టపోయేది కిరాయిదారే. మేడ మీది భాగం యజమానిది, కింది గది కిరాయిదారుది.

విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లెక్క కొంచెం వేరుగా కట్టింది. కింది అంతస్తు కుటుంబానికి రూ.25,000, పై అంతస్తు వారికి రూ.10,000 ఇచ్చింది. తోపుడుబండి, ఆటో, ద్విచక్ర వాహనం, చేనేత మగ్గం వంటి బతుకుతెరువు సాధనాలను విడిగా లెక్కించింది. అక్కడా అందలేదన్న ఫిర్యాదులు లేకపోలేదు. కానీ నీళ్ళు ఎవరిని ఎక్కువ ముంచాయో చూసి లెక్క కట్టడం సరైన పద్ధతి. మగ్గాన్ని లెక్కించినప్పుడు ఇంట్లో ఆడవారి కుట్టుమిషన్నూ కార్చోబ్‌నూ కూడా లెక్కించవచ్చు. అడగాలి మరి. అడిగేవారు లేకపోతే ఆ గళ్ళు దరఖాస్తులో ఉండవు.

మూసీ ఒడ్డున ఉన్నవారిది ఇంకో చిక్కు. 2024లో నదీగర్భంలోని ఇళ్ళకు ఎర్ర గుర్తులు పెట్టి, కొన్ని కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్ళకు తరలించారు. మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతాల్లో ఖాళీ అయిన ఇళ్ళు కూల్చారు. వెళ్ళనన్నవారు కోపంతోనే ఉన్నారు. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకే నీళ్ళొచ్చాయి. చాదర్‌ఘాట్, మూసానగర్ ఒడ్డు కుటుంబాలను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఒడ్డున ఉండటం ప్రమాదమన్నది నిజం. పిల్లల బడికీ, ఇంట్లో ఆడవారి పని ఇచ్చే దుకాణానికీ దూరంగా విసిరేస్తే ఆ కుటుంబం ఎలా బతుకుతుందన్నదీ నిజమే. రెండో నిజం వినకుండా మొదటిదాన్నే వినిపిస్తే ఎవరూ కదలరు.

వచ్చే వానకు ముందు

సర్కారు చేయవలసినవి సర్కారు చేసేలోగా మన మొహల్లాలో మనం చేసుకోదగినవి కొన్ని ఉన్నాయి. ఖర్చు తక్కువ. కాగితాలన్నీ గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి, తల కన్నా ఎత్తున మేకుకు తగిలించాలి. వాటి ఫొటోలు తీసి వేరే బస్తీలో ఉన్న బంధువుల ఫోనుకు పంపి ఉంచాలి. మోరీ గుడగుడమనగానే మెయిన్ స్విచ్ ఆపాలి. నీళ్ళు గదిలోకి వచ్చాక తడిచేతులతో స్విచ్ ముట్టుకోకూడదు. తడిసిన కుట్టుమిషన్ మోటారును పూర్తిగా ఆరబెట్టి, మెకానిక్ చూశాకే కరెంటు పెట్టాలి. ఆత్రంగా ఆడిస్తే బాగయ్యేది కూడా కాలిపోతుంది.

మసీదు కమిటీలు, యువజన సంఘాలు వానలకు ముందే ఒక నోటుపుస్తకం తయారు చేసుకోవచ్చు. ఏ గల్లీలో మంచం పట్టిన వృద్ధులున్నారు, ఎవరింట్లో నిండు గర్భిణి ఉంది, ఎవరు డయాలిసిస్‌కు పోతుంటారు, కిరాయికి ఎవరెవరుంటున్నారు. ఏ మేడకు ఎన్ని మెట్లున్నాయి, దాని తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది. ఈ తాళం సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. మేడ ఉండి, తలుపుకు తాళం ఉండి, యజమాని ఊళ్ళో లేకపోతే ఆ మేడ ఎవరికి పనికొస్తుంది?

సాయం చేసేవారితో మరో మాట. మన దగ్గర చేయి చాచే దాతలకు కొదవలేదు. మొదటి మూడు రోజుల్లో ఒకే గల్లీకి నాలుగు చోట్ల నుంచి బిర్యానీ డేగిషాలు వస్తాయి. తినలేక పారబోసిన రోజులూ ఉన్నాయి. పదిహేనో రోజున ఎవరూ రారు. ఆ రోజు ఆ ఇంటికి కావలసినవి వేరు. రెండు దుప్పట్లు, ఒక పరుపు, పిల్లల నోటుపుస్తకాలు, మెషిన్ మోటారు రిపేరు ఖర్చు, దుకాణదారు బట్ట ఖరీదు కోసం ఒత్తిడి చేయకుండా మాట్లాడిపెట్టే ఒక పెద్దమనిషి, ఒక నెల కిరాయి. ఇవి ఫొటోలో బాగా కనిపించవు. సాయం సొమ్ములో సగం పదిహేనో రోజుకు దాచిపెట్టి, నోటుపుస్తకంలోని పేర్ల ప్రకారం ఇంటింటికీ వెళ్ళి, ముందు కింది గదుల తలుపులు తట్టాలి. కార్చోబ్ చెక్కలు మళ్ళీ బిగించి, కొత్త బట్ట సాగదీసి కట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి తన సంపాదనతో వెలుగుతుంది.